మస్టరు ఎవరి చేతిలో ఉండాలి?

పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు తిరువూరుకు దగ్గర్లోని ఒక ఊళ్లో చెరువు పూడిక పని దగ్గరికి పోయాను. మన మెరక ప్రాంతపు ఎండ సంగతి ఇక్కడి వాళ్లకు చెప్పేదేముంది? ఎటు చూసినా మామిడి తోటలే గానీ ఆ నీడ తోటల వాళ్లది. చెరువులో మట్టి తవ్వేవాళ్లకు నీడ ఉండదు. తెల్లవారుజామునే వచ్చిన ఆడవాళ్లు కొలత ప్రకారం గుంటలు తవ్వేశారు. పలుగూ పారా తట్టా పక్కన పెట్టి, కట్ట మీదున్న ఒకే ఒక్క తుమ్మచెట్టు కింద ముడుచుకుని కూర్చున్నారు. పని అయిపోయింది కదా, ఇంటికి పోరేమని అడిగాను. రెండో ఫొటో కాలేదన్నారు. మేట్ పిల్ల ఫోను పైకెత్తి పట్టుకుని, సిగ్నల్ కోసం కట్ట మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతోంది.

వాళ్లలో వరసకు నాకు పెద్దమ్మ అయ్యే ఆమె అంది: "అబ్బాయ్, మట్టి తవ్వింది ఈ చేతులు. మోసింది ఈ నెత్తి. గుంట కళ్లెదురుగా ఉంది, వచ్చి కొలుచుకోమను. మళ్లా నా మొహంతో వాళ్లకేం పని?"

నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆమె ప్రశ్నకు మాత్రం అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ పక్షం సంపాదకీయం ఆమె ప్రశ్నకే.

ముందు ఈ యంత్రం సంగతి తెలుసుకుందాం. తెలియని దాన్ని తిట్టడం వల్ల లాభం లేదు. పట్నాల్లో పెద్ద ఆఫీసులకు, ఫ్యాక్టరీలకు గేట్లు ఉంటాయి. మెళ్లో వేసుకున్న కార్డు గేటు దగ్గర చూపిస్తే, తీగ లేకుండానే గాలిలో కబురు పోయి తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు కార్డు బదులు ఫోను వచ్చింది. పని జరిగే చోటు చుట్టూ కంప్యూటర్‌లో ఒక గీత గీస్తారు. ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో ఫోను తను ఎక్కడుందో చెబుతుంది. కెమెరా మొహాన్ని కొలుస్తుంది. ఈ రెండూ టవర్ ద్వారా ఎక్కడో ఉన్న సర్వర్‌కు పోతాయి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే మూడు ప్రశ్నలకు జవాబు సరిపోతే హాజరు. గీతకు అవతల ఉంటే, మొహం సరిపోకపోతే, కబురు అందకపోతే గైరుహాజరు.

ఇది అవసరమైన చోట్లు ఉన్నాయి. మన జిల్లాలోనే ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఉంది. గన్నవరంలో విమానాశ్రయం ఉంది. అలాంటి చోట లోపలికి ఎవరు పోయారో తెలియాలి. ప్రమాదం జరిగితే లోపల ఎంతమంది ఉన్నారో లెక్క దొరికితేనే ప్రాణాలు కాపాడగలరు. అక్కడ గేటు పెట్టొద్దని ఎవరూ అనరు. కానీ చెరువు బ్యాంకు లాకరు కాదు గదా. అందులో దాచిపెట్టిన బంగారం లేదు. అక్కడ ఉన్నది మట్టి, మన చెమట. దానికి ఇంత కాపలా ఎవరి కోసం?

ఈ కాపలా మన చెరువుల దాకా ఎట్లా వచ్చిందో చూడండి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. పని అడిగే హక్కు మొదటిసారి కూలివాడి చేతికి వచ్చింది. భూస్వామి గడపలో నిలబడి చేతులు కట్టుకుని పని అడిగే ఖర్మ కొంత తప్పింది. అందుకే ఈ చట్టం అంటే పెత్తందార్లకు మొదటి నుంచీ కడుపుమంట. కూలీలు సోమరులైపోయారని, నాట్లకు మనుషులు దొరకడం లేదని వాళ్లు గోల పెట్టారు. నిజానికి మనుషులు దొరక్క కాదు, చవగ్గా దొరక్క.

2021 మేలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఎన్ఎంఎంఎస్ అనే ఫోను యాప్ తెచ్చింది. పని చోటు గుర్తుతో, టైముతో రోజుకు రెండు ఫొటోలు ఎక్కించాలి. 20 మంది, అంతకు మించి ఉన్న పనులకు 2022 మే 16 నుంచి తప్పనిసరి చేశారు. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప అన్ని పనులకూ 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో చాలా రాష్ట్రాల కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి ధర్నా చేశారు. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులు ఆధార్ ద్వారానే అన్నారు. 2025లో ఇ-కేవైసీ పేరుతో కూలీల మొహాలను ఆధార్‌తో సరిపోల్చే పని మొదలుపెట్టారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వికసిత్ భారత్ జీ రామ్ జీ చట్టం తెచ్చింది. 125 రోజుల పని అని ముందు చెబుతారు. ఖర్చులో మనలాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలన్నదీ, వ్యవసాయ పనుల రోజుల్లో 60 రోజులు పని ఆపొచ్చన్నదీ తర్వాత చెబుతారు. బయోమెట్రిక్ ధ్రువీకరణను, ఫోనుతో పనిచోటు నిఘాను ఈసారి చట్టంలోనే రాసిపెట్టారు. నిన్నటిదాకా అది శాఖ ఉత్తర్వు. ఇప్పుడు చట్టం మాట.

దొంగ మస్టర్లు అరికట్టడానికే ఇదంతా అంటారు. దొంగ మస్టర్లు లేవని మనం ఎన్నడూ అనలేదు. రాని వాళ్ల పేర్లు రాశారు. చచ్చినవాళ్ల పేర్లు రాశారు. రాత్రి పొక్లెయిన్ పెట్టి తవ్వించి, పగలు మన పేర రాసుకున్నారు. ఇవన్నీ మనకు తెలుసు. ఎందుకంటే దోచింది మన కూలినే. కానీ ఆ దొంగతనం చేసింది తట్ట మోసే మనిషా? మస్టరు ఆమె చేతిలో ఎప్పుడుంది?

యాప్ వచ్చాక దొంగతనం ఆగిందా అంటే, ఆగలేదని ఢిల్లీ పెద్దలే ఒప్పుకున్నారు. 2025 జూలైలో అదే శాఖ రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పెడుతున్నారనీ, ఒకే మనుషులను వేరే వేరే మస్టర్లలో చూపిస్తున్నారనీ, రాసిన లెక్కకూ ఫొటోలో ఉన్న మనుషులకూ పొంతన లేదనీ అందులో చెప్పుకున్నారు. మందు ఏం రాశారు? పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నీ మనుషులే కూర్చుని ఒక్కొక్కటిగా చూడాలన్నారు. మనిషిని నమ్మలేక యంత్రాన్ని తెచ్చారు. యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టారు. దొంగ తన దారి తాను చూసుకున్నాడు. తుమ్మచెట్టు కింద మిగిలింది నిజంగా మట్టి తవ్విన ఆడది.

సిగ్నల్ లేకపోయినా ఫొటో తీసి తర్వాత ఎక్కించవచ్చని చెప్పారు. యంత్రం మొరాయించిన రోజున కాగితం హాజరు ఎక్కించే అధికారం జిల్లా స్థాయి అధికారికి ఇచ్చారు. మంచిదే. కానీ చెరువు దగ్గరి కూలి మనిషికీ జిల్లా అధికారికీ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి. మేట్ ఫీల్డ్ అసిస్టెంటుకు చెప్పాలి. ఫీల్డ్ అసిస్టెంటు మండలానికి చెప్పాలి. మండలం జిల్లాకు రాయాలి. ఒక్క రోజు కూలి కోసం ఇన్ని గడపలు ఎవరు ఎక్కుతారు? ఆ రోజు పోయినట్టే.

కూలి ఆలస్యమైతే ఏమిస్తారో కూడా తెలుసుకోండి. 2005 చట్టం కింద పెట్టిన నియమం ప్రకారం మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. ఆ తర్వాత ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ రావలసిన కూలిలో 0.05 శాతం పరిహారం. మన రాష్ట్రంలో 2025-26కు రోజు కూలి 307 రూపాయలు. లెక్క కట్టండి. ఒక రోజు కూలిని ఒక రోజు ఆలస్యం చేస్తే మనకు వచ్చేది 15 పైసలు! కూలి మనిషి ఫొటో ఒక పూట అందకపోతే 307 రూపాయలు గల్లంతు. సర్కారు కూలిని ఒక రోజు ఆలస్యం చేస్తే జరిమానా 15 పైసలు. ఇదీ వాళ్ల తక్కెడ.

అందుకే అడుగుతున్నాం. ఈ కన్ను కిందికి మాత్రమే ఎందుకు చూస్తుంది? కొలతకు రావలసిన టెక్నికల్ అసిస్టెంటు ఎప్పుడొచ్చాడో కూలీలకు చూపించే యాప్ ఏది? డబ్బు ఏ ఆఫీసులో ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో మన ఊరి గోడ మీద కనిపించే ఏర్పాటు ఏది? పని అడిగిన రోజున రసీదు ఇవ్వని వాడి మొహాన్ని ఎవరు ఫొటో తీశారు?

పట్నంలో పాకీ పని, చెత్త పని చేసే మన వాళ్ల సంగతీ ఇంతే. 2020లో చండీగఢ్ నగరపాలక సంస్థ సఫాయి కార్మికుల చేతులకు గడియారాలు కట్టింది. అవి టైము చెప్పడానికి కాదు. మనిషి ఏ వీధిలో ఉన్నాడు, ఎంతసేపు ఆగాడు అని ఆఫీసుకు చెప్పడానికి. నాగపూర్‌లోనూ ఇదే జరిగింది. చండీగఢ్ కార్మికులు ఇవి మాకు బేడీలని రోడ్డెక్కారు. చేతితో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు గుంతలో చనిపోయిన వారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, అది 30 లక్షలు ఉండాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా చావులు ఆగలేదు. కార్మికుడు ఎక్కడున్నాడో చెప్పే యంత్రానికి డబ్బుంది. అతన్ని గుంతలోకి దించకుండా పనిచేసే యంత్రానికి మాత్రం డబ్బుండదు!

ఇక మొహం సంగతి. 2018లో అమెరికాలో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు పెద్ద కంపెనీల మొహం చూసే యంత్రాలను పరీక్షించారు. ఈ మొహం ఆడమనిషిదా మగవాడిదా అని అడిగితే, తెల్లటి మగవాళ్ల విషయంలో యంత్రం తప్పు నూటికి ఒకటి కూడా లేదు. నల్లటి ఆడవాళ్ల విషయంలో తప్పులు నూటికి 34 దాటాయి. యంత్రానికి కులమేంటి, రంగేంటి అని మనల్ని నమ్మిస్తారు. యంత్రానికి లేకపోవచ్చు. దానికి ఎవరి మొహాలు చూపించి నేర్పారో వాళ్లనే అది బాగా గుర్తుపడుతుంది. ఎండకు కమిలి, ముడతలు పడి, మట్టి కొట్టుకుపోయిన మొహాలను దానికి ఎవరు చూపించారు? వేలిముద్రలదీ ఇదే కథ. రాయి మోసీ, మట్టి పిసికీ వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లు ఎవరో వేరే చెప్పాలా?

మనిషిని గుర్తుపట్టడం, చోటుకు కట్టెయ్యడం ఈ దేశంలో కొత్త కాదు. ఊరికి ఒక గీత ఉండేది. ఆ గీత ఇవతల మాల మాదిగలు చెప్పులతో నడవకూడదు. బావి దగ్గర ఒక గీత, గుడి దగ్గర ఒక గీత. తెల్లవాడు వచ్చి దానికి రిజిస్టరు కలిపాడు. 1871లో నేరస్థ జాతుల చట్టం చేశాడు. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఎరుకలవారి లాంటి జాతుల వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకు వచ్చి హాజరు పలకాలి. పాసు లేకుండా ఊరు దాటకూడదు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ రోజుల్లో పెట్టిన సెటిల్‌మెంటే. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు గానీ దాని చూపు రద్దు కాలేదు. పేదవాడు నిజం చెబుతాడంటే నమ్మని చూపు అది. చెరువు గట్టున తిరిగే ఫోనులో నాకు ఆ చూపే కనిపిస్తోంది.

అయితే హాజరు పుస్తకం ఎప్పుడూ మనకు శత్రువు కాదు. ఇది గట్టిగా చెప్పాలి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 48 గంటల పని అని హద్దు పెట్టారు. గంటలు లెక్కపెట్టింది యజమాని చేతులు కట్టెయ్యడానికి. రాజస్థాన్‌లో 1990ల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీలు మా మస్టరు మాకు చూపించండని పట్టుబట్టారు. 1994 నుంచి ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టి మస్టర్లు చదివించారు. ఆ పోరాటం పెరిగి పెద్దదై 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మన రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి పనులకు సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరి మధ్య పేర్లు చదివితే, ఆ వారం మా ఆయన ఊళ్లోనే లేడు, నేను బాలింతను, పనికి రానే లేదు అని లేచి చెప్పినవాళ్లు మన ఆడవాళ్లే.

తేడా చూశారా? అప్పుడు మస్టరు మనం చదివే పుస్తకం. ఇప్పుడు మస్టరే మనల్ని చదువుతోంది. మన మొహం అందులో ఉంది గానీ అందులో ఏముందో మనకు తెలియదు. తప్పు జరిగితే దిద్దమని అడగడానికి ఎదురుగా మనిషి లేడు. సర్వర్‌లో లేదంటారు. సర్వర్‌తో తగాదా ఎవరు పెట్టుకుంటారు? ఊళ్లో ఎవరు పనికొచ్చారో ఎవరు రాలేదో పక్కన తట్ట మోసిన మనిషికి తెలియదా? ఆ సాక్ష్యం ముందు ఏ ఉపగ్రహం సాక్ష్యం ఎక్కువ?

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. 2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లకు మొహం చూపించే హాజరు పెట్టారు. మా సొంత ఫోన్లలో ఎందుకు వేసుకోవాలని సంఘాలన్నీ అభ్యంతరం చెప్పాయి. నేనూ గొంతు కలిపాను. అది సరైన పనే. కానీ అదే ఏడాది మే నుంచి మన పల్లెల ఆడవాళ్లు చెరువు కట్టల మీద ఫొటోకు నిలబడుతున్నారు. అప్పుడు నేను ఏ సభలో మాట్లాడాను? నాకు సిగ్నల్ రాని రోజు హెడ్మాస్టరుకు చెప్పుకుంటాను, కాగితం రాసిస్తాను, ఒకటో తారీఖు జీతం చూసుకుంటాను. మా అమ్మ కూలి చేసి చదివిస్తే మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆమె చేసిన పని చేస్తున్న మనిషి తుమ్మచెట్టు కింద కూర్చుంటే, నా నొప్పి వేరు ఆమె నొప్పి వేరు అన్నట్టు ఉన్నాను. ఉద్యోగాలొచ్చిన దళితులందరూ ఈ ప్రశ్న వేసుకోవాలి. చదువు మనకు వచ్చింది మన ఒక్కరి సెల్‌ఫోను కాపాడుకోవడానికేనా?

కాబట్టి ఏం చేద్దాం? పథకం పేరు ఏది మారినా ఈ పనులు మారవు.

ఒకటి, పని దగ్గర ఫోనుతో పాటు కాగితం మస్టరు ఉండాలి. అందులో కూలీలే సంతకమో వేలిముద్రో వెయ్యాలి. ఫోను పనిచెయ్యని రోజు ఆ కాగితమే చెల్లాలి. ఇది మన డిమాండు. అది ఒప్పుకునే దాకా ప్రతి గుంపులో చదువుకున్న పిల్ల ఒకామె రూపాయి నోటుపుస్తకంలోనైనా సరే తేదీ, పేర్లు, గుంట కొలత రాసిపెట్టాలి.

రెండు, గుంట పూర్తయి కొలత సరిపోయాక కేవలం ఫొటో కోసం ఎండలో మనిషిని ఆపకూడదు. కొలతను బట్టి కూలి కట్టేటప్పుడు గంటల కాపలా ఎందుకు?

మూడు, వారం వారం మస్టరును మాలపల్లెలో, మాదిగపల్లెలో, తండాలో బిగ్గరగా చదవాలి. చదివించే బాధ్యత మన సంఘాలది. చదవడం వచ్చిన ప్రతి కార్యకర్తకూ ఇదే మొదటి పని.

నాలుగు, జాబ్ కార్డు మన ఇంట్లోనే ఉండాలి. మేట్ ఇంట్లో కాదు, ఫీల్డ్ అసిస్టెంటు సంచిలో కాదు. పని అడిగితే తేదీ వేసిన రసీదు పట్టుకోవాలి.

ఐదు, కూలి పడకపోతే, హాజరు పోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. ఏ రోజు ఫొటో ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఎవరు తీసేశారు అని రాసి అడగండి. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి. సాయంత్రాలు మేం బడి అరుగు మీదే ఉంటాం. ఉద్యోగాల్లో ఉన్న దళితులు వారానికి ఒక సాయంత్రం దీనికి ఇవ్వలేరా?

పెద్దమ్మా, నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇది. వాళ్లకు నీ మొహంతో పని లేదు. నీ మాట మీద నమ్మకం లేదు, అంతే. నీ మాటకు విలువ కట్టించే దాకా మనం ఆ ఫోనుకు ఎదురుగా కాగితం పట్టుకుని నిలబడదాం. వచ్చే సోమవారం నోటుపుస్తకం తీసుకుని నేనే ఆ చెరువు కట్ట మీదికి వస్తున్నాను.

జై భీమ్!